సర్సీస్ అంటే తెరిపి

అందరికీ నమస్కారం. వెనక నుంచున్నవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఇవాళ నేను మాట్లాడేది ఒక్క ఇంగ్లీషు పదం గురించే. ఆ పదం సర్సీస్. పలికేటప్పుడు బరువు చివర పడాలి, సర్‌సీస్ అని.

మీలో జీఆర్‌ఈకి చదివినవాళ్ళకి పదాల జాబితాల్లో ఎక్కడో ఇది తగిలే ఉంటుంది. ఆగిపోవడం, ఉపశమనం అని అర్థం చెబుతారు. ఇప్పుడు వాడుకలో లేని పాతమాట అనో, కవిత్వంలోనే కనిపించే మాట అనో నిఘంటువులు గుర్తు పెడతాయి. మరి దీని గురించి ఇంతమందిని కూర్చోబెట్టి మాట్లాడటం ఎందుకంటే, పోయిన నెల ఎమ్మే చదువుతున్న ఒకమ్మాయి మా ఇంటికొచ్చింది. అమెరికన్ కవి ఎడ్గార్ అలన్ పో ఒక కాకి మీద రాసిన ‘ద రేవెన్’ అనే కవితని తెలుగు చేసి తెచ్చింది. చాలా శ్రద్ధగా చేసింది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగాను. మూలంలో సర్సీస్ ఉన్నచోట తను ‘దుఃఖోపశమనం’ అని పెట్టింది. నిఘంటువు ప్రకారం తప్పు లేదు. కానీ నాకు మనసొప్పలేదు. ఎందుకు ఒప్పలేదో ఆ అమ్మాయికి అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. నెల రోజులుగా అదే నలుగుతోంది. తను ఇక్కడే ఉంది, రెండో వరసలో. అమ్మా, నీకు బాకీపడ్డ జవాబు ఇవాళ చెబుతున్నాను.

మొదట మాట పుట్టుక చూద్దాం. చూడగానే ఏమనిపిస్తుంది? సీస్ అంటే ఆగడం, దాని ముందు సర్‌చార్జ్‌లో, సర్‌నేమ్‌లో ఉన్న ‘సర్’ తగిలించారు, అంతే కదా అనిపిస్తుంది. చాలా ఏళ్ళు నేనూ అలాగే అనుకున్నాను, క్లాసులో అలాగే చెప్పాను. తర్వాత తెలిసింది, ఆ సీస్‌కీ దీనికీ అసలు రక్తసంబంధం లేదని. పాత ఫ్రెంచిలో సుర్‌స్వార్ అనే క్రియ ఉంది. చేయాల్సిన పనిని ఆపి ఉంచడం, వాయిదా వేయడం అని దాని అర్థం. దానికి మూలం లాటిన్‌లో సూపర్‌సెడెరే. విడదీస్తే ‘పైన కూర్చోవడం’, వాడుకలో ‘మానుకోవడం’. ఇది 15వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి క్రియగా వచ్చింది. నామవాచకం అయింది ఇంకో వందేళ్ళు దాటాక. ఇంగ్లీషువాళ్ళ చెవికి అందులో సీస్ వినిపించింది, అర్థం కూడా దగ్గరగానే ఉంది. దాంతో స్పెల్లింగు కూడా ఆ వైపుకే ఒరిగిపోయింది.

ఆ లాటిన్ మాటకి పుట్టిన ఇంకో బిడ్డ మీ అందరికీ తెలుసు. సూపర్‌సీడ్. సహకార సంఘం పాలకవర్గాన్ని సూపర్‌సీడ్ చేశారని పేపర్లో చదువుతుంటాం కదా, అదే. ఇంగ్లీషు న్యాయశాస్త్రంలో సూపర్‌సీడియాస్ అని ఒక ఉత్తర్వు ఉండేది. ఇక ముందుకి నడపకండి, ఉన్నచోట ఆపండి అని కోర్టు ఇచ్చే ఆజ్ఞ. మన ఊళ్ళలో దాన్ని ‘స్టే’ అంటాం. ఫ్రెంచివాళ్ళు ఈనాటికీ సుర్సీ అనే మాట వాడుతున్నారు. శిక్ష వేసి, అమలు చేయకుండా ఆపి ఉంచితే అది సుర్సీ. చావు తప్పదని తెలిసీ ఇంకా కొన్నాళ్ళు మిగిలి ఉన్న మనిషి గురించి చెప్పేటప్పుడు కూడా ఈ మాటే వాడతారు.

ఇక్కడ కాస్త నిలబడదాం. స్టే వస్తే కేసు పోయినట్టా? పొలం తగాదాలో కోర్టు చుట్టూ తిరిగిన ఏ రైతుని అడిగినా చెబుతాడు. స్టే వచ్చిన రాత్రి ఇంట్లో అందరికీ నిద్ర పడుతుంది. ఫైలు మాత్రం అక్కడే ఉంటుంది. ఎప్పుడో ఒకప్పుడు ఆ స్టే ఎత్తేస్తారనీ తెలుసు. అయినా ఆ రాత్రి నిద్ర అబద్ధం కాదు. సర్సీస్ ఇలాంటిచోట పుట్టిన మాట. ఉపశమనంలో శమించడం ఉంది. మంట చల్లారడం, రోగం దిగిపోవడం. సర్సీస్‌లో మంట అలాగే ఉంది. కాసేపు ఆగింది.

ఇప్పుడు దీన్ని పెద్ద రచయితలు ఎలా వాడారో చూద్దాం. షేక్‌స్పియర్ నాటకాల్లో ఇది కొన్నిచోట్ల కనిపిస్తుంది. ‘కొరియొలానస్’లో క్రియగా వస్తుంది. జనం ముందు తలవంచితే, నా నిజాన్ని నేను గౌరవించుకోవడం మానేసినవాణ్ణి అవుతాను అంటాడు నాయకుడు కొరియొలానస్. అక్కడ మానేయడమే, అంతకుమించి లోతు లేదు. ‘రోమియో అండ్ జూలియట్’లో మాత్రం గమనించండి. నాలుగో అంకంలో ఫ్రయర్ లారెన్స్ అనే సన్యాసి జూలియట్‌కి మందు ఇస్తూ దాని పని వివరిస్తాడు. ఇది తాగితే ఒళ్ళు చల్లబడుతుంది, నాడి తన నడక నడవదు, సర్సీస్ అవుతుంది అంటాడు. ఎంతసేపు? 42 గంటలు. తర్వాత హాయిగా నిద్రలేచినట్టు లేస్తావు అంటాడు. నాడి ఆగడానికి ఎన్నో మాటలున్నాయి. తిరిగి మొదలవ్వాల్సిన ఆగడానికి ఆయన ఈ మాట వాడాడు. షేక్‌స్పియర్ ఆ తేడా లెక్కపెట్టుకునే వాడాడని నేను రుజువు చేయలేను. కానీ చదివేవాడిగా నాకు అది అతికినట్టు కనిపిస్తుంది.

‘మాక్బెత్’ దగ్గర ఎక్కువసేపు ఉందాం. మొదటి అంకం, ఏడో రంగం. డంకన్ రాజు మాక్బెత్ ఇంటికి అతిథిగా వచ్చాడు, లోపల విందు జరుగుతోంది. మాక్బెత్ ఆ విందులోంచి లేచి బయటికొచ్చి తనలో తాను మాట్లాడుకుంటాడు. రాజుని చంపడంతోనే అన్నీ అయిపోతే బాగుండు, తర్వాత రాబోయేవన్నీ ఇదే వలలో పడి ఇక్కడే ఆగిపోతే బాగుండు అంటాడు. ఆ వాక్యంలో వస్తుంది సర్సీస్. దాని పక్కనే సక్సెస్. పైకి చదివి చూడండి. సర్సీస్, సక్సెస్. అన్నీ స-కారాలు. పక్కగదిలో ఉన్నవాళ్ళకి వినపడకూడదని గొంతు తగ్గించి గుసగుసలాడినట్టుంటుంది. ఆ మాట రాజు గురించే అనుకుంటే, చావుని చావు అనడానికి మాక్బెత్‌కి నోరు రాలేదు. ఆగిపోవడం అన్నాడు.

అక్కడ ‘అతని సర్సీస్’ అని ఉంటుంది. ఆ ‘అతని’ ఎవరిది అని పండితులు చాలాకాలంగా వాదించుకుంటున్నారు. రాజుది అని కొందరు, అంటే రాజు మరణం. కాదు, పర్యవసానానిది అని ఇంకొందరు. ఆ రోజుల్లో ఇంగ్లీషులో వస్తువులకి కూడా ఆ సర్వనామం వాడేవాళ్ళు, కాబట్టి ఆ అర్థమూ కుదురుతుంది. నా ఓటు రెండోదానికే. మాక్బెత్‌కి కావలసింది రాజు చావడం ఒక్కటే కాదు, ఆ చావు తర్వాత రావలసిన వాటిమీద స్టే కావాలి. అది రాలేదు. రెండో అంకంలో చంపి వచ్చీ రాగానే భార్యతో చెబుతాడు, ఇక మాక్బెత్ నిద్రపోడు అని ఎవరో అరిచినట్టు వినిపించిందని. ఆ నాటకంలో అక్కణ్ణుంచి ఎవరికీ కంటిమీద కునుకు లేదు.

సరే, ఇక పో దగ్గరికి వద్దాం. ఈ పదం ఈనాటికీ జనానికి గుర్తుందంటే ఈయన వల్లే. ‘ద రేవెన్’ 1845 జనవరి 29న న్యూయార్క్‌లో ఈవెనింగ్ మిర్రర్ పత్రికలో వచ్చింది. 18 పద్యాలు, 108 పాదాలు. మన పదం రెండో పద్యంలోనే ఉంది. డిసెంబర్ నెల, అర్ధరాత్రి. పొయ్యిలో నిప్పుకణికలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. లెనోర్ అనే అమ్మాయి చనిపోయింది. ఆమెను ప్రేమించినవాడు ఒక్కడే కూర్చుని పాత పుస్తకాలు తిరగేస్తున్నాడు. ఎప్పుడు తెల్లారుతుందా అని చూస్తున్నాడు. నా పుస్తకాల్లోంచి సర్సీస్ ఆఫ్ సారో అప్పు తెచ్చుకోవాలని చూశాను, దొరకలేదు అంటాడు.

అతను వాడిన క్రియ బారో. అప్పు తీసుకోవడం. ఉపశమనాన్ని ఎవరైనా అప్పు తెచ్చుకుంటారా? మందు కొనుక్కుంటాం, వరం అడుగుతాం. అప్పు అన్నామంటే తిరిగిచ్చేయాలి. ఈ రాత్రి గడవడానికి కాస్త చాలు, పొద్దున్నే నా దుఃఖం నేను మళ్ళీ తీసుకుంటాను అంటున్నాడు ఆ మనిషి. అతను అడిగింది అంత తక్కువ. ఆ కాస్త కూడా పుట్టలేదు. దుఃఖోపశమనం అనగానే ఈ అప్పు సంగతి కనపడకుండా పోతుంది. నాకు మనసొప్పకపోవడానికి మొదటి కారణం ఇదమ్మా.

ఇదే కవితలో ఇంకాస్త ముందుకి, 14వ పద్యానికి వెళ్తే అతని కోరిక పెరిగిపోతుంది. అప్పటికి కాకి వచ్చి గుమ్మం మీద ఉన్న బొమ్మ తలపై కూర్చుంది. ఇప్పుడతను అడిగేది నెపెంథీ అనే మందు. గ్రీకులో నె అంటే లేదు, పెంథోస్ అంటే శోకం. శోకం లేనిది. మన అశోకం అనే మాటకి అక్షరాలా అదే అర్థం. హోమర్ ‘ఒడిస్సీ’ నాలుగో భాగంలో హెలెన్ దాన్ని ద్రాక్షసారాయిలో కలుపుతుంది. అది తాగినవాడు కన్నవాళ్ళు పోయినా, కళ్ళముందే అన్నదమ్ముణ్ణి చంపినా కన్నీరు పెట్టడట. అయితే ఎన్నాళ్ళు? ఆ ఒక్క రోజు. హోమర్ కూడా అంతకుమించి మాట ఇవ్వలేదు. మనవాళ్ళు సీతమ్మని కూర్చోబెట్టింది అశోకవనంలో. చెట్టు పేరులోనే శోకం లేదు, ఆ చెట్టు కింద ఆమె దుఃఖానికి అంతు లేదు. ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఎప్పుడూ గుండె బరువెక్కుతుంది.

ఇప్పుడు తెలుగుకి వద్దాం. సర్సీస్‌కి మనకి ఏ మాట ఉంది? ఓదార్పు చూశాను. ఓదార్చడానికి ఇంకో మనిషి ఉండాలి. అతని గదిలో ఎవరూ లేరు. సాంత్వన కూడా అంతే, పైగా అది పరామర్శలో వాడే మాట. శోకంతో కలిపితే స-కారం శ-కారం దగ్గరపడి చెవికి బాగుంటుంది, ఒప్పుకుంటాను, కానీ చెవికోసం అర్థం వదులుకోలేను. ఊరట మంచి మాటే. కాకపోతే పన్ను తగ్గించినా ఊరట, పెట్రోలు ధర తగ్గినా ఊరట అని రాసీ రాసీ దాన్ని పలచబరిచారు. తెలంగాణలో నిమ్మలం అంటారు, పానం నిమ్మలమైంది అంటారు. నాకు చాలా ఇష్టమైన మాట. కానీ నిమ్మలంలో మనసు కుదుటపడింది, స్థిరపడింది. మన పదానికి ఆ స్థిరం లేదు.

అప్పుడు మా అమ్మ మాట గుర్తొచ్చింది. తెరిపి.

మాది కృష్ణా జిల్లా పల్లెటూరు. శ్రావణం, భాద్రపదం వస్తే ముసురు పట్టేది. రోజంతా వాన. మధ్యలో ఓ పావుగంట ఆగేది. వెంటనే అమ్మ కేకేసేది, “ఒరే, వాన తెరిపిచ్చింది, గబుక్కున వెళ్ళి పాలు తెచ్చెయ్” అని. ఆ గబుక్కున అన్నది ముఖ్యం. వాన పూర్తిగా పోతే మా ఇంట్లో ‘వెలిసింది’ అనేవాళ్ళు. వాన వెలిసింది అంటే ఇక గొడుగు అవసరం లేదు, దణ్ణెం మీద బట్టలారేసుకోవచ్చు. తెరిపిచ్చింది అంటే మబ్బు అలాగే ఉంది, మళ్ళీ పడుతుంది, ఈలోగా చేసుకోవాల్సింది చేసుకో అని. ఈ రెండు మాటల మధ్య తేడా మాకెవరూ నేర్పలేదు. వానలో తడిసి నేర్చుకున్నాం.

ఈ మాటని పాతకాలంలో బండి ర-తో రాసేవాళ్ళు. తెరవడం అనే క్రియకి చుట్టం. తెరుచుకున్న చోటు, సందు, ఖాళీ అని మొదటి అర్థం. వానలో కాస్త సందు దొరికితే తెరిపి. అక్కణ్ణుంచి ఒంటికీ మనసుకీ వచ్చింది. జబ్బుచేసి తేరుకుంటున్న మనిషిని తెరిపిన పడ్డాడు అంటాం. ఆగడం, ఊపిరి పీల్చుకోవడం, రెండూ ఒకే మాటలో. సర్సీస్‌లో ఉన్నవీ ఆ రెండే. ఒకటి కోర్టులోంచి వచ్చింది, ఇంకొకటి వానలోంచి వచ్చింది, ఇద్దరూ వచ్చి ఒకే గుమ్మం దగ్గర నిలబడ్డారు.

ఇంకొక విషయం చూసి నేను నిజంగా ఆశ్చర్యపోయాను. ఈనాటి ఇంగ్లీషు వచనంలో సర్సీస్ ఎక్కడైనా కనిపిస్తే తరచుగా ‘వితౌట్ సర్సీస్’ అనే కనిపిస్తుంది. ఆగకుండా, విడవకుండా అని. లేదంటే ‘నో సర్సీస్ ఫ్రం’ అని. లేదు అని చెప్పడానికే ఆ మాట ఎక్కువగా మిగిలింది. మన తెరిపి సంగతి చూడండి. పేపర్లో తెరిపి కనిపించేది ఎక్కడ? “ఎడతెరిపి లేకుండా కురుస్తున్న వర్షాలు.” అదీ లేదు అనేచోటే. తెరిపిచ్చింది అనే మాట మీ వయసువాళ్ళ నోట నేను వినడం తగ్గిపోయింది. ‘కొంచెం గ్యాప్ ఇచ్చింది’ అంటున్నారు. అది తప్పని నేను అనను, గ్యాప్ అన్నా సందే కదా. కాకపోతే గ్యాప్ అంటే మనసుకి తగలదు.

వాడుక గురించి విద్యార్థులకి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. సర్సీస్‌ని తలనొప్పి మాత్రకి వాడకండి, సెలవు చీటీలో రాయకండి. అక్కడ రిలీఫ్ చాలు. పరీక్ష టెన్షన్ నుంచి రెండు రోజులు విడుదల అంటే రెస్పైట్ సరిపోతుంది, అది ఇంకా నడుస్తున్న మాట. అమెరికాలో మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకంలో రెస్పైట్ కేర్ అనే ఏర్పాటే ఉంది. ఇక కోలుకోరని తేలిన రోగిని ఇంట్లో చూసుకునేవాళ్ళు అలసిపోతే, రోగిని ఒకసారికి ఐదు రోజుల దాకా వేరేచోట ఉంచి చూస్తారు, ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. మంచం పట్టినవాళ్ళకి సేవచేసే మనిషికి కూడా తెరిపి కావాలని ఒక ప్రభుత్వం కాగితం మీద రాసింది. మన ఇళ్ళల్లో ఆ మాట ఎవరూ అడగరు. ఎక్కువగా అమ్మలే కదా చేసేది, వాళ్ళసలే అడగరు.

మా నాన్నగారికి ఊపిరితిత్తుల జబ్బు. చివరి రెండేళ్ళు మంచంలోనే. రాత్రంతా దగ్గు, ఆయాసం. తెల్లవారుజామున ఎప్పుడో కాస్త ఆగేది. మా బంధువులు వచ్చినప్పుడల్లా “బావగారూ, తగ్గిందా?” అని అడిగేవాళ్ళు. ఆయనకి ఏం చెప్పాలో తెలిసేది కాదు. తగ్గలేదు, తగ్గదు. అమ్మ ఒక్కతే అలా అడిగేది కాదు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని మంచం పక్కన కూర్చుని “ఏవండీ, కాస్త తెరిపిగా ఉందా?” అనేది. “ఆఁ, ఇప్పుడు కాస్త తెరిపినపడ్డానే. నువ్వు కాసేపు నడుం వాల్చు” అనేవారు. రెండేళ్ళూ రోజూ ఇదే మాట. ఆయన అబద్ధం చెప్పాల్సిన అవసరం లేకుండా అమ్మ ప్రశ్న అడిగిందని నాకు ఇన్నేళ్ళ తర్వాత, ఈ ఇంగ్లీషు పదం పుణ్యమా అని అర్థమైంది.

పో జీవితంలోంచి ఒక్క సంగతి, దాంతో ముగిస్తాను. ఆయన భార్య పేరు వర్జీనియా. 1842 జనవరిలో పాట పాడుతూండగా ఆమె నోట్లోంచి రక్తం పడింది. క్షయ. ఐదేళ్ళు బతికింది. 1847 జనవరి 30న, 24 ఏళ్ళ వయసులో పోయింది. అంటే ‘ద రేవెన్’ అచ్చయినప్పుడు ఆమె బతికే ఉంది, జబ్బుతో ఉంది. ఆమె పోయాక, 1848 జనవరి 4న జార్జ్ ఎవెలెత్ అనే పాఠకుడికి పో ఒక ఉత్తరం రాశాడు. ఆమె బతకదనుకున్నాను, కొంత కోలుకుంది, మళ్ళీ ఆశపడ్డాను, ఏడాదికి మళ్ళీ అదే, మళ్ళీ కోలుకుంది, మళ్ళీ, మళ్ళీ, మళ్ళీ అని రాస్తాడు. ప్రతిసారీ ఆమె చావు మొత్తం అనుభవించాను అంటాడు. ఆశకీ నిరాశకీ మధ్య ఊగడమే తనను పిచ్చివాణ్ణి చేసిందంటాడు. ఆ ఉత్తరంలో సర్సీస్ అనే మాట లేదు. కానీ ఆ ఐదేళ్ళలో ఆయనకి దొరికినవన్నీ అవే. వెలవలేదు, తెరిపిచ్చింది, మళ్ళీ పట్టుకుంది. రెండో పద్యంలో ఆ మాట రాసిన మనిషికి దాని అర్థం ఇంట్లోనే తెలుసు.

అమ్మా, నీ అనువాదం నాకు నచ్చింది, మళ్ళీ చెబుతున్నాను. ఆ రెండు పాదాలు మాత్రం నేనైతే ఇలా రాసుకున్నాను. నీకు కుదిరితే తీసుకో.

తెల్లవారితే బాగుండునని చూస్తూ కూర్చున్నాను.
పోయిన లెనోర్ కోసం పడే ఈ దుఃఖానికి
కాస్త తెరిపి అప్పివ్వమని పుస్తకాల్ని అడిగాను.
పుట్టలేదు.

ఇంతే. ఇప్పుడు మీరు మాట్లాడండి. మైకు వెనక్కి పంపించండయ్యా, అక్కడ పెద్దావిడ చెయ్యెత్తారు.